2042 గడువుకు ముందు మరమ్మతుల బిల్లు ఎవరిది?

ఫ్లోరిడాలోని వినోద పార్కుల సముదాయం వాల్ట్ డిస్నీ వరల్డ్ ఆవరణలో డిస్నీ వెకేషన్ క్లబ్ తన మొదటి టైమ్‌షేర్ రిసార్ట్‌ను, అంటే ఏటా కొన్ని రోజులు బస చేసే హక్కును వాటాలుగా అమ్మే విడిదిని, 1991 డిసెంబరులో తెరిచింది. ఇప్పుడు ఓల్డ్ కీ వెస్ట్‌గా పిలుస్తున్న ఆ రిసార్ట్‌లో తొలి సభ్యులు కొన్నది 2042 జనవరి 31తో ముగిసే లీజు హక్కు మాత్రమే. అదే క్లబ్‌కు చెందిన బోర్డ్‌వాక్, బీచ్ క్లబ్, బౌల్డర్ రిడ్జ్ విల్లాలకూ గడువు అదే. ఆ తరువాత వీటిని కూల్చి కొత్తవి కడతారా, మెరుగులు దిద్ది మళ్లీ అమ్ముతారా అన్న ఊహాగానాలకు కొదవ లేదు. అంతకన్నా ముందే తేలవలసిన లెక్క ఒకటుంది. గడువు ముగిసే ముందు చివరి పదేళ్లలో చేసే పెద్ద మరమ్మతుల ఖర్చు ఎవరి ఖాతాలో పడాలి?

కూల్చివేతకు అనువైనది ఓల్డ్ కీ వెస్టే అనిపిస్తుంది. గోల్ఫ్ మైదానం పొడవునా రెండు, మూడు అంతస్తుల భవనాలు విశాలంగా పరుచుకుని ఉన్నాయి. చాలావాటికి లిఫ్టు లేదు. తన నలభయ్యో ఏట, 1991లో వాటా కొన్న సభ్యుడికి 2042 నాటికి తొంభై ఒకటి నిండుతాయి. పెట్టెలతో మూడో అంతస్తు మెట్లెక్కే వయసు కాదది. పార్కులకు ఇంత చేరువలో ఉన్న నేలను ఇంత పలచగా వాడుకోవడం నేటి లెక్కల్లో ఏ సంస్థకూ గిట్టుబాటు కాదు. బోర్డ్‌వాక్ విల్లాల సంగతి వేరు. పక్కనే ఉన్న హోటల్‌తో అవి కలిసిపోయి ఉన్నాయి కాబట్టి అక్కడ లోపలి హంగులు మార్చి కొత్త గడువుతో అమ్మడమే సులువు.

అయితే ఓల్డ్ కీ వెస్ట్‌కు ఒక చిక్కుముడి ఉంది, అది డిస్నీ స్వయంగా వేసుకున్నదే. 2007లో అక్కడి సభ్యులకు అదనపు సొమ్ము చెల్లిస్తే గడువును 2057 దాకా పొడిగిస్తామని సంస్థ ప్రతిపాదించింది. కొందరు ఒప్పుకున్నారు, కొందరు వద్దన్నారు. దాంతో 2042 తరువాత కూడా మరో పదిహేనేళ్లు హక్కు మిగిలినవాళ్లు ఉంటారు. వాళ్ల వాటాలను తిరిగి కొనాలి, లేదా వేరే రిసార్ట్‌లో సమానమైన హక్కు ఇచ్చి ఒప్పించాలి. ఎవరైనా వాటా అమ్మకానికి పెడితే ముందుగా కొనే హక్కు డిస్నీకి ఉంది కనుక నెమ్మదిగా ఏరుకునే వీలూ లేకపోలేదు.

ఇక ఖర్చు విషయం. సభ్యులు ఏటా చెల్లించే రుసుములో రోజువారీ నిర్వహణ, ఆస్తిపన్నులతో పాటు పైకప్పులు, రంగులు, సామాన్ల మార్పిడి కోసం కూడబెట్టే నిధి కూడా ఉంటుంది. పాతికేళ్లు నిలిచే పైకప్పును 2036లో వేస్తే దాని ఆయుష్షులో ఆరేళ్లు మాత్రమే 2042 సభ్యుల వాటా. మిగిలినదంతా 2057 సభ్యులకూ, భూమి యజమాని అయిన డిస్నీకీ దక్కుతుంది. నిర్వహణ చూసేదీ డిస్నీ సంస్థే కావడంతో, తనకు దక్కే లాభానికి 2042 సభ్యుల చేత ఖర్చు పెట్టిస్తుందేమోనన్న అనుమానం మరింత బలపడుతుంది. ఖర్చు మానేస్తే చివరి ఏళ్లలో గదులు పాడుబడతాయి, అదీ సభ్యులకే నష్టం. కాబట్టి పెద్ద పనులను మిగిలిన గడువు నిష్పత్తిలో పంచి, భవనాల వారీ ప్రణాళికను కనీసం పదేళ్ల ముందే ప్రకటించాలి. లీజు తేదీ తెలిసిన ఈ రిసార్ట్‌లలో అది సాధ్యమే. గడువే లేని శాశ్వత దస్తావేజులతో వాటాలు అమ్మిన రిసార్ట్‌లలో మాత్రం మూసివేతకు వేలమంది యజమానులను, వారసులను వెతికి పట్టుకుని ఓటు వేయించాల్సి వస్తుంది.