అది అయిపోయింది మామా

మా మేనల్లుడు నల్లగొండలో ఏడో తరగతి. మొన్న ఆదివారం ఊరికే ఉండలేక, 1/2కు 1/3 కలిపితే ఎంతరా అని అడిగాను. 2/5 అన్నాడు. పైవి పైకి, కిందివి కిందికి కలిపేశాడన్న మాట. సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తగ్గిందేమిటని వాడికి అనుమానం రాలేదు. హారాలు వేరైతే ముందు ఏం చెయ్యాలని గుచ్చి అడిగితే నన్ను జాలిగా చూశాడు. "అది అయిపోయింది మామా. ఇప్పుడు సమీకరణాలు నడుస్తున్నయ్."

అయిపోయింది! మన లెక్కల చదువంతా ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉంది. పాఠం చెప్పారు, ఎఫ్ఏ అనే చిన్న పరీక్ష పెట్టారు, విస్తరి ఎత్తేసినట్టు భిన్నాలను ఎత్తేశారు. మళ్లీ వచ్చే ఏడే. అదే పిల్లవాణ్ని కిరాణం దుకాణం దగ్గర అరకిలో, పావుకిలో కలిపి ఎంతని అడగండి, టక్కున ముప్పావు అంటాడు. రెండు రోజులకోసారి వాళ్లమ్మ పంపిస్తుంది కదా, ఆ పాఠం ఇంకా అయిపోలేదు.

మన పద్ధతికి స్పైరల్ అని గొప్ప పేరుంది. ఒకే విషయానికి మళ్లీ మళ్లీ రండి, వచ్చిన ప్రతిసారీ ఇంకొంచెం లోతుకు దిగండి అని జెరోమ్ బ్రూనర్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1960లో చెప్పాడు. మొదటి సగం మనం తూచా తప్పకుండా పాటిస్తున్నాం. రెండో సగానికే పీరియడ్లు చాలడం లేదు. నాలుగో తరగతిలో బోర్డు మీద జొన్నరొట్టె గీసి నాలుగు ముక్కలు చేశారు. ఐదులో అదే రొట్టె. ఆరులో, ఏడులో కూడా అదే. గానుగెద్దు మాత్రం రోజంతా నడవడం లేదా?

ఇప్పుడు కొందరు ఎడం ఇచ్చి సాధన చేయించాలంటున్నారు. జూలైలో చెప్పిన భిన్నాల లెక్కలు వారం తర్వాత రెండు, నెల తర్వాత రెండు, సంక్రాంతి ముందు ఇంకొకటి, సమీకరణాల హోంవర్కులోనే కలిపేసి ఇవ్వాలట. కాస్త మరిచిపోతున్న వేళ గుర్తుచేసుకుంటే గట్టిపడుతుందట. హెర్మన్ ఎబింగ్‌హాస్ అనే జర్మన్ అర్థంలేని అక్షరాలను తనే బట్టీపట్టి చూసుకుని, ఒక్కరోజే రుద్దేకన్నా రోజుల మీద పంచుకుంటే మేలని 1885లోనే రాశాడు. అర్థంలేనివి బట్టీపట్టడం గురించి మనకు ఒకరు చెప్పాలా?

అచ్చంపేట వైపు పల్లి వేసే మా బావకు ఈ సంగతి చెబితే, "ఆరుతడి అంటే అదే గదా" అన్నాడు. నేల కాస్త ఆరనిచ్చి మళ్లీ తడి పెడతాడాయన. యాసంగి నీళ్లన్నీ మొదటి వారంలోనే పారించి, మిగతాది వచ్చే ఏడు చూద్దామని బోరు బంద్ చేస్తే ఎలా ఉంటుందని అడిగాను. "ఎవనికన్న పిచ్చా?" అన్నాడు. బావ చదువు ఐదో తరగతిలోనే ఆగింది కాబట్టి ఆయన అభిప్రాయాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

నా భయం వేరు. పిల్లలకు నిజంగానే గుర్తుండిపోతే జూన్, జూలైలలో సార్లు ఏం చెప్పాలి? బేసిక్స్ వీకని చెప్పే ట్యూషన్ల గతేమిటి? పైగా లెక్కలన్నీ కలగలిపి ఇస్తే, దేనికి ఏ పద్ధతి వాడాలో పిల్లవాడే ఆలోచించుకోవాలి. ఇప్పుడా టెన్షన్ లేదు. భిన్నాల కూడికల అభ్యాసం కింద లెక్క కనిపించిందంటే కసాగు కట్టడమే, లెక్క చదివే పని కూడా లేదు.

వచ్చే జూన్‌లో మావాడు ఎనిమిదిలోకి వెళ్తాడు. మొదటి పాఠం అకరణీయ సంఖ్యలు, అంటే భిన్నాలుగా రాయగల సంఖ్యలే. పేరు విని ఇదేదో కొత్తదని సంబరపడుతున్నాడు. వాళ్ల సారు చాక్‌పీసు తీసుకుని బోర్డు మీద గుండ్రంగా గీయడం మొదలుపెట్టేదాకా సంబరపడనిద్దాం.