పాస్ మార్కు 125

మొన్న శనివారం డల్లాస్ దగ్గర జరిగిన ఒక పెద్ద షూటింగ్ మ్యాచ్‌లో నా తూటాలు ఫెయిలయ్యాయి. నేను కాదు, తూటాలు. ఈ తేడా ఇంట్లో ఎవరికీ పట్టడం లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు సంగతి గబగబా చెప్పేస్తాను. నేను ఆడేది పీసీసీ. పిస్టల్ తూటాలతో పేలే చిన్న రైఫిల్ అనుకోండి. ఇక్కడ అమెరికాలో యూఎస్‌పీఎస్‌ఏ అనే షూటింగ్ సంఘం నడిపే పోటీల్లో దీనికి 2016లో విడిగా డివిజన్ పెట్టారు. భుజానికి ఆనించుకోవచ్చు, పైన గురి చూసే అద్దంలో ఎర్ర చుక్క కనిపిస్తుంటుంది, కాబట్టి కీబోర్డు తప్ప ఇంకేదీ పట్టని నాలాంటివాడికి కూడా గురి కుదురుతుంది. పిస్టల్ వాళ్లు మమ్మల్ని చూసి నవ్వుతారు, ఆ గొడవ ఇంకోసారి. తూటాలు కొట్లో కొనుక్కోవచ్చు, లేదా గరాజ్‌లో ప్రెస్ అనే తూటాల మిషను బిగించుకుని సొంతంగా చేసుకోవచ్చు. సొంతంగా చేసుకుంటే కుదుపు మనకి కావలసినంత తగ్గించుకోవచ్చు. కుదుపు తగ్గితే చుక్క ఎగరదు, చుక్క ఎగరకపోతే రెండో దెబ్బ త్వరగా పడుతుంది. అందరికీ ఈ కక్కుర్తి ఉంటుందని తెలిసే వాళ్లు ఒక గీత గీశారు. బుల్లెట్ (అంటే తూటా మొత్తం కాదు, దాని కొసనుంచి ఎగిరిపోయే ముక్క) బరువుని గ్రెయిన్లనే బుల్లి కొలతలోనూ వేగాన్ని సెకనుకి అడుగుల్లోనూ తీసుకుని, రెండూ గుణించి, వెయ్యితో భాగిస్తే కనీసం 125 రావాలి. పవర్ ఫ్యాక్టర్ అంటారు.

మా దగ్గరి తెలుగువాళ్లలో ఈ ఆటకి పెద్దదిక్కు ఒకాయన ఉన్నాడు. ఆయన అందరినీ తమ్ముడూ అంటాడు, మేమందరం అన్నా అంటాం. ఏ బుల్లెట్ వాడమంటావన్నా అని అడిగిన పాపానికి పార్కింగ్ లాట్‌లో నిలబెట్టి క్లాసు పీకాడు. 115 గ్రెయిన్లదైతే తేలిక, గీత దాటాలంటే బాగా తోలాలి, చప్పుడెక్కువ. 147ది మెత్తగా ఉంటుంది కానీ ఖరీదు. నువ్వు మధ్యలో 124 తీసుకో, త్వరగా మండే పౌడర్ (తూటాలో నింపే మందు) పొదుపుగా వాడు. గీతకి మరీ దగ్గరైపోదా అన్నాను. “మనది 16 అంగుళాల బారెల్ తమ్ముడూ, స్పీడు దానంతటదే వస్తుంది” అన్నాడు.

రాదట. త్వరగా మండే పౌడర్ కొంచెమే ఉంటే బారెల్ మొదట్లోనే దాని పని అయిపోతుంది, మిగతా దారంతా బుల్లెట్ రాపిడితో తంటాలు పడుతూ పోవాల్సిందే. ఈ ముక్క నాకు వేగం కొలిచే ఆఫీసరు చెప్పాడు. ఎప్పుడు? అంతా అయిపోయాక.

చిన్న క్లబ్ మ్యాచ్‌లలో ఎవరూ కొలవరు. అక్కడ నా తూటాలు వెన్నలా పనిచేశాయి. పెద్ద మ్యాచ్‌కి మాత్రం వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ బల్ల వేస్తారు. మన సంచిలోంచి ఎనిమిది తూటాలు తీసుకుంటారు. ఒకదాన్ని విప్పి బుల్లెట్‌ని తూస్తారు. నాది 123.6 వచ్చింది. తర్వాత నా తుపాకీతోనే మూడు కాల్చి వేగం చూశారు. 1012, 1001, 1005. సగటు 1006. గుణిస్తే 124 చిల్లర. చాలలేదు. ఇంకో మూడు కాల్చారు. 1009, 998, 1006. ఈసారి ఆరింటిలో పెద్దవి మూడు తీసుకుని లెక్క కడతారు. 124.7. చాలలేదు.

ఇక మిగిలింది ఎనిమిదోది. దీనికి రూల్ బుక్‌లో ఒక వింత సదుపాయం ఉంది. ఆ ఆఖరి తూటాని ఏం చెయ్యాలో ఆటగాడే తేల్చుకోవచ్చు. విప్పి తూయించుకోవచ్చు, మొదటిదానికంటే బరువుంటే ఆ బరువుతో లెక్క కడతారు. లేదా కాల్పించుకోవచ్చు, ఏడింటిలో పెద్దవి మూడు తీసుకుంటారు. రెండూ కుదరవు.

ఆఫీసరు ఆ తూటాని అరచేతిలో పెట్టుకుని నా వైపు చూశాడు. పెద్దాయన, తెల్ల మీసాలు, తొందరేమీ లేదు. నా వెనక స్క్వాడ్‌కి, అంటే నాతో పాటు ఆడే గుంపు మొత్తానికీ, తొందరే. ఒకావిడ ఫోన్‌లో లెక్క కట్టి చెప్పింది: తూస్తే 123.9 రావాలి, కాలిస్తే 1013 రావాలి. బుల్లెట్ డబ్బా మీద 124 అని రాసుంటుంది కాబట్టి తూయించడమే తెలివైన పని. కానీ మొదటిదాని డబ్బా మీదా అదే రాసుందిగా, అది 123.6 తూగింది. పైగా ఇవి సీసం పోతపోసి రంగు పూసినవి, దేనికదే ఓ బరువు. మరి కాలిస్తే? ఆరు కాలిస్తే ఒక్కటీ 1013 దాటలేదు. కానీ ఇది దాటదని ఎవరు చెప్పొచ్చారు? ఈ ఎనిమిదోదాన్ని నేను ఏ రాత్రి చేశానో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. క్రికెట్ చూస్తూ చేసిన బ్యాచ్‌లోదైతే పౌడర్ ఒక రవ్వ ఎక్కువే పడి ఉంటుంది. మా ఆవిడ చెత్తడబ్బా బయట పెట్టావా అని అరిచిన రాత్రిదైతే చెప్పలేం. ఒకసారి పట్టుకుని చూడొచ్చా అని అడిగాను. ఆఫీసరు గుప్పిట మూసేశాడు. 0.3 గ్రెయిన్ అంటే గ్రాములో యాభయ్యో వంతు, అది నా వేళ్లకి తెలిసేస్తుందనే ధీమా నాకెక్కడ నుంచి వచ్చిందో తెలీదు.

“తూయండి” అన్నాను. ఆయన ప్లాస్టిక్ సుత్తి తీసుకున్నాడు. తూటాని అందులో బిగించి నేలకేసి కొడితే బుల్లెట్ ఊడొస్తుంది. సుత్తి పైకి లేచింది. “ఆగాగు! తమ్ముడూ, కాల్పించెయ్, బారెల్ వేడెక్కింది!” అని తెలుగులో మా అన్న కేకేశాడు. “ఆగండి” అన్నాను. సుత్తి దిగింది. “కాల్చండి.” తూటా తుపాకీలోకి వెళ్లింది. “ఒక్క నిమిషం” అన్నాను. వెనక ఎవరో నిట్టూర్చారు. ఇంకెవరో కుర్చీ తెచ్చుకుని కూర్చున్నారు. ఆఫీసరు మర్యాదగా, ఇది రేపటికి వాయిదా వెయ్యడానికి రూలు లేదండీ అన్నాడు.

కాల్చారు.

1011.

ఆ ఫోన్ ఆవిడే మళ్లీ గుణించింది. 124.9. అమ్మయ్య, 125 కింద లెక్కే కదా అన్నాను. కాదట. దశాంశాలు తీసేస్తారట. 124.9999 వచ్చినా 125 కాదని పుస్తకంలో అచ్చేసి మరీ పెట్టారు, నాలాంటివాడు వస్తాడని ముందే ఊహించినట్టు. పదో తరగతిలో 34 వచ్చిన వాడికి ఒక మార్కు కలిపి ఒడ్డున పడేసే దయగల మేష్టార్లని చూసినవాణ్ణి నేను. ఇక్కడ పదో వంతు మార్కు కోసం మనిషిని ముంచేశారు. ఆ ఎనిమిదో బుల్లెట్ 123.9 ఉండేదో లేదో ఇప్పుడు అది వెళ్లి దిగిన ఆ మట్టికట్టకే తెలియాలి.

మ్యాచ్‌లో కొనసాగొచ్చు, స్కోరు మాత్రం ఉండదన్నారు. ఎంట్రీ ఫీజు వెనక్కి రాదు. మిగతా స్టేజులన్నీ కాల్చాను. చాలా బాగా కాల్చాను, ఎందుకంటే టెన్షన్ లేదు.

అసలు మంట అది కాదు. నా తర్వాత అన్న వంతు వచ్చింది. మూడు కాల్చారు, 143 వచ్చింది. ఆయన సంచిలోకి తొంగిచూశాను. కొట్లో కొన్న కంపెనీ తూటాలు, అట్టపెట్టె సీలు కూడా సగమే ఊడింది.

“ఇదేంటన్నా?”

“పెద్ద మ్యాచ్ కదా తమ్ముడూ, రిస్కెందుకు?”

రాత్రి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. ఆ మెత్త తూటాలు ఎన్ని మిగిలాయి, క్లబ్ మ్యాచ్‌లకి బాగుంటాయి, ఎలాగూ నువ్వు వాడవుగా, నాకిచ్చెయ్ అని. నేను చూసినట్టు నీలం టిక్కులు కూడా పడ్డాయి. పడనీ.