ముందు బండికి ఎంత దూరం?

అలిపిరి దాటి కొండెక్కే వాహనాలకు 28 నిమిషాలు, దిగేవాటికి 40 నిమిషాలు కనీస సమయమని లెక్కగడతారు. మంచిదే. కానీ ఆ 40 నిమిషాలూ ముందు బస్సును అంటుకునే దిగే కారును అడిగేవారెవరు? మలుపులో బస్సు ఆగుతుంది, వెనుక కార్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. ‘ముందువాడు సడన్ బ్రేకు వేశాడు’ అని అందరిదీ ఒకటే మాట. ఈ సాకును మేం ఒప్పుకోం. ముందు బండి ఉన్నట్టుండి ఆగినా ఢీకొట్టనంత దూరం ఉంచాల్సింది వెనుకవాడేనని 2017 కేంద్ర డ్రైవింగ్ నిబంధనలు చెబుతున్నాయి.

చెబుతున్నాయి సరే, నేర్పుతున్నదెవరు? తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా ఎల్ బోర్డు కార్లను గమనించండి. క్లచ్, గేరు, స్టీరింగ్, రివర్స్ దగ్గరే పాఠం అయిపోతుంది. పైగా శిక్షకుడి కాలి కింద మరో బ్రేకు ఉంటుంది. ముందు ఆటోకు మరీ దగ్గరగా వెళితే ఆయనే నొక్కేస్తాడు. నేర్చుకునేవాడికి తాను తప్పు చేసినట్టే తెలియదు. లైసెన్సు వచ్చాక ఆ రెండో బ్రేకు ఉండదు.

గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ప్రమాదం కంటపడి కాలు బ్రేకు మీదికి చేరడానికి ఒక సెకను పట్టినా, వేగం తగ్గకముందే ఆ 17 మీటర్లు కరిగిపోతాయి. అందుకే రెండు సెకన్ల లెక్క. ముందు బండి ఒక కరెంటు స్తంభాన్ని దాటిన రెండు సెకన్లకు గానీ మన బండి అక్కడికి చేరకూడదు. వానలో నాలుగు సెకన్లు. ఒక్క పూటలో నేర్పగల పాఠమిది.

ఖాళీ వదిలితే ఆటో దూరుతుందని కొందరంటారు. దూరనివ్వండి, మళ్లీ వెనక్కి తగ్గండి. పోయేది రెండు సెకన్లే.

అసలు తప్పు పరీక్షలోనే ఉంది. ముందు మరో బండే లేని ట్రాక్ మీద ఎనిమిది అంకె వేయిస్తే దూరం పాటించడం తెలుసో లేదో ఎలా తేలుతుంది? పుస్తకంలో నిబంధన, పరీక్షలో శూన్యం, ప్రమాదం జరిగాక మాత్రం డ్రైవరు నిర్లక్ష్యమని ప్రకటన! అడగని పాఠాన్ని స్కూళ్లు ఎందుకు నేర్పుతాయి? రేణిగుంట రోడ్డులో లారీ వెనుక కారు నడిపించి చూడండి. దూరం ఉంచనివాడికి లైసెన్సు ఆపండి. ఆ పని చేయని రవాణా అధికారులకు, ప్రమాద స్థలానికి వచ్చి డ్రైవర్లను తిట్టే అర్హత లేదు.