లిస్టులో లేని అభిమాని

మా కాలనీ కుర్రాళ్లు కొండాపూర్ దగ్గర ఒక టర్ఫ్ అద్దెకు తీసుకుని, ఎవరి అభిమాన క్లబ్బు తరఫున వాళ్లు ఆడేలా ఐదుగురేసి జట్లతో ఫుట్‌బాల్ పోటీ పెట్టారు. మా బావమరిది తన పేరుతో పాటు నా పేరు కూడా ఇచ్చేశాడు. ముందుగా అడిగితే మోకాలి నొప్పి అంటానని తెలుసు కాబట్టి అడగలేదు. ఆదివారం పొద్దున బీరువా అడుగు నుంచి ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆడిన మన ఊరి క్లబ్బు హైదరాబాద్ ఎఫ్‌సీ పసుపు జెర్సీ తీసి తొడుక్కున్నాను. అది 2022 నాటి నా కొలత కాబట్టి పొట్ట దగ్గర కొంత అభ్యంతరం చెప్పింది గానీ, మొత్తానికి కిందికి దిగింది. దారిలో జరిగినదీ, పార్కింగ్ దగ్గర జరిగినదీ వదిలేస్తాను. రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర జరిగినదే ఇంకా మింగుడు పడలేదు.

బల్ల వెనక ఇరవై ఏళ్ల కుర్రవాడొకడు ట్యాబ్ పట్టుకుని కూర్చున్నాడు. పేరు, ఫోన్ నంబరు, బ్లడ్ గ్రూపు అడిగి నింపాడు. బ్లడ్ గ్రూపు దేనికని అడిగితే, ఫారంలో ఉందన్నాడు. ఆ తరువాతి గడిలో అభిమాన క్లబ్బు నమోదు కావాలి. అక్కడ టైపు చేయడానికి వీల్లేదు, తెరుచుకునే వరసలోంచి ఒకటి ఎంచుకోవలసిందే.

"హైదరాబాద్" అన్నాను, చొక్కా మీది ముద్ర కనబడేలా కాస్త ఛాతీ విరిచి.

అతడు వేలితో వరసను కిందికి జరిపాడు, పైకి జరిపాడు, మళ్లీ కిందికి జరిపాడు. బెంగళూరు ఉంది, చెన్నై ఉంది, గోవా ఉంది, గౌహతి జట్టు ఉంది, జంషెడ్‌పూర్ ఉంది, కేరళ ఉంది, కోల్‌కతావి ఒకటికి మూడు ఉన్నాయి. "హైదరాబాద్ లేదంకుల్. ఢిల్లీ పెట్టాల్నా?" అన్నాడు.

ఢిల్లీ ఎందుకు పెట్టాలని నేను అడగలేదు, ఎందుకంటే మా క్లబ్బే ఢిల్లీకి తరలిపోయిన సంగతి నాకు తెలుసు. దాని వెనకటి కథ కుర్రవాడికి తెలియదు కాబట్టి చెప్పడం నా బాధ్యత అనుకున్నాను. 2019లో పుణె క్లబ్బు మూతపడ్డాక దాని స్థానంలో మన ఊరికి ఈ జట్టు వచ్చిందనీ, ఫిల్ బ్రౌన్ కోచ్‌గా మొదలైన ఆ మొదటి ఏడు అట్టడుగున నిలిచిందనీ, ఆయన తరువాత వచ్చిన ఆల్బర్ట్ రోకాను సీజన్ మొదలుకాక మునుపే బార్సిలోనా పిలిపించుకుందనీ, అప్పుడు హడావిడిగా దొరికిన మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ పెద్దమనిషి రెండేళ్లలో ఇదే జట్టును ఛాంపియన్‌ను చేశాడనీ చెప్పాను. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో జరిగిన ఫైనల్లో కేరళ ఒక గోలు ముందుండగా, 88వ నిమిషంలో మన సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన బంతి గోలులోకి ఎలా దూసుకుపోయిందో చేత్తో చూపించాను. ఆ చెయ్యి నా వెనక నిలబడ్డ మనిషి కళ్లద్దాలకు తగిలింది. ఆ తరువాత పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు బంతులు ఆపాడని చెబుతూ ఎడమ వైపుకు వాలాను. జెర్సీ చంక దగ్గర ఒక చిన్న చప్పుడు చేసింది. చెయ్యి దించేశాను, తిరిగి ఎత్తలేదు.

కుర్రవాడు ఓపికగా విన్నాడు. విని, "సబ్మిట్ అవుతలేదంకుల్, క్లబ్బు పెట్టకుంటే ముందుకు పోతలేదు" అన్నాడు.

ఈలోగా వరస పెరిగింది. మనవాళ్ల వరసలో నిలబడ్డ ప్రతివాడికీ ముందున్నవాడి సమస్య మీద ఒక అభిప్రాయం ఉంటుంది. నా వెనక ఉన్న గోవా జెర్సీ యువకుడు, కళ్లద్దాలు సరిచేసుకుంటూ, కోచ్ ఎక్కడుంటే నిష్ఠ అక్కడ ఉండాలనీ, మనోలో 2023లో గోవాకు వెళ్లిపోయాడు కాబట్టి నేనూ గోవా కిందికే వస్తాననీ తీర్పు చెప్పాడు. ఆ లెక్కన, గోవాలో ఉంటూనే 2024లో భారత జట్టు పగ్గాలు కూడా పట్టిన ఆ కోచ్ హాంకాంగ్ చేతిలో ఓడినప్పుడు, గోవా అభిమానులు సంతోషించాలా ఏడవాలా అని అడిగాను. జవాబు రాలేదు. మరొకాయన కోచ్‌లు వస్తారు పోతారు, ఆడేవాళ్లను పట్టుకోవాలన్నాడు. ఆడేవాళ్లలో ఆశిష్ రాయ్ మోహన్ బగాన్‌కు, ఆకాశ్ మిశ్రా ముంబైకి వెళ్లారు. ఒక్క సీజన్‌లో 18 గోల్స్ కొట్టిన ఓగ్‌బెచె కూడా 2023లో వెళ్లిపోయాడు. జీతాల బకాయిలు, కొత్తవాళ్లను తీసుకోకుండా ఫిఫా పెట్టిన నిషేధం కలిసి మిగిలినవాళ్లను కూడా చెదరగొట్టాక, 2023-24లో మొత్తం 22 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచాం. ఆటగాళ్ల వెంట వెళ్లాలంటే నేను కనీసం నాలుగు ఊళ్లలో అద్దె ఇల్లు తీసుకోవాలి.

అప్పుడు మాట్లాడినవారు మా బ్లాకులోనే ఉండే రిటైర్డ్ బ్యాంకు మేనేజరు గారు. ఆయన ఆడటానికి రాలేదు, మనవడి మంచినీళ్ల సీసా పట్టుకుని వచ్చారు. "చూడండి మాస్టారూ, యాజమాన్యం అన్నది ముఖ్యం. యాజమాన్యం మారింది, క్లబ్బు 2025లో ఢిల్లీకి వెళ్లి పేరు మార్చుకుంది. 2020లో ఆంధ్రా బ్యాంకు ఖాతాలు యూనియన్ బ్యాంకుకు వెళ్లలేదా? ఖాతాదారు ఏడ్చాడా? మీరు ఆటోమేటిగ్గా ఢిల్లీ" అన్నారు. ఆంధ్రా బ్యాంకు ఖాతాదారుడు తన నిల్వతో సహా వెళ్లాడనీ, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ మారినంత మాత్రాన అతని డబ్బును ఎవరూ ఢిల్లీ వాళ్ల పేర వేయలేదనీ, నా నిల్వ మాత్రం 2022 మార్చి 20 అనీ నేను వాదించాను. ఆయన నవ్వి, "వాదనకేం, ఎంతైనా చేయవచ్చు" అన్నారు. ముప్పై ఏళ్లు లోను దరఖాస్తులు తిరగ్గొట్టిన మనిషి నవ్వు అది, దాని మీద అప్పీలు ఉండదు.

అసలు ఇంత దూరం తెచ్చినవాడు మా బావమరిది. అతడు ఎర్ర మాంచెస్టర్ యునైటెడ్ జెర్సీలో నా పక్కకు వచ్చి, వరస అంతా వినేలా ఉపన్యాసం మొదలుపెట్టాడు. "బావా, ఫెర్గూసన్ 2013లో దిగిపోయినప్పటి నుంచి ఎంతమంది మేనేజర్లు మారినా నేను కదిలానా? గ్లేజర్లు 2005లో క్లబ్బును కొన్నప్పుడు మండిపడ్డ అభిమానులు కొందరు విడిపోయి సొంత క్లబ్బు పెట్టుకున్నారు, నేను పోయానా?" అన్నాడు. 2005లో అతడు నెల్లూరులో తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. పోదామనుకున్నా రైలు టికెట్టుకు మా మామగారిని అడగాలి. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఊరుకోకుండా లండన్‌లోని వింబుల్డన్ ఫుట్‌బాల్ క్లబ్బు కథ ఎత్తుకున్నాడు. 2002లో తమ క్లబ్బును మిల్టన్ కీన్స్ అనే వేరే ఊరికి తరలించడానికి అనుమతి ఇచ్చారని తెలియగానే అక్కడి అభిమానులు ఏడుస్తూ కూర్చోకుండా ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని కొత్త క్లబ్బు పెట్టారనీ, అట్టడుగు లీగుల నుంచి ఎక్కి తొమ్మిదేళ్లలో మళ్లీ పెద్ద లీగు వ్యవస్థలోకి వచ్చారనీ చెప్పి, "నువ్వేం చేశావు బావా?" అని అడిగాడు.

నేనేం చేయగలను? గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో ఖాళీ కుర్చీల మధ్య కూర్చుని అరిచేవాణ్ణి. అంతకు మించి చేయవలసినదేదో అభిమానికి ఎవరూ చెప్పలేదు. ఆ మాట అనకుండా, ఈ ఊరి ఫుట్‌బాల్‌కు ఒక క్లబ్బుతో పనిలేదనీ, మన హైదరాబాదీ కోచ్ రహీం సాబ్ శిక్షణలో భారత జట్టు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962లో ఏషియాడ్ స్వర్ణం తెచ్చిందనీ, కాబట్టి గడిలో ఊరి పేరు రాస్తే చాలనీ కాస్త గొంతు పెంచి అన్నాను.

కుర్రవాడు తలెత్తి, "రహీం అంకుల్ ఏ ఫ్లాట్? ఆయన గూడ ఆడుతడా?" అని అడిగాడు.

వరసలో ఎవరో నవ్వారు. గోవా జెర్సీ నవ్విందనే నా అనుమానం. సరిగ్గా అప్పుడే, అటు పక్క బల్ల దగ్గర పేరు నమోదు చేయించుకుని తిరిగివస్తున్న ఒక మలయాళీ ఇంజినీరు, పసుపు చొక్కాలో ఉన్న నన్ను చూసి ముఖమంతా వెలిగించుకుని "చేట్టా!" (అన్నా!) అంటూ భుజం మీద చెయ్యి వేశాడు. కుర్రవాడు అతని చొక్కా చూశాడు, నా చొక్కా చూశాడు, రెండూ పసుపే. వరసలో ఇంకా ఇరవై మంది ఉన్నారు. వేలు ఒక్కసారి కిందికి జారింది, ట్యాబ్ "టింగ్" అంది. నా మణికట్టుకు కాగితపు పట్టీ చుట్టేశాడు. దాని మీద కేరళ అని ఉంది.

ఆ మలయాళీ మర్యాదస్తుడు. నా చొక్కా మీది ముద్ర దగ్గరగా చూశాక చెయ్యి తీసి, కొంచెంసేపు ఆగి, "ఆ ఫైనల్లో పసుపు మీరు వేసుకున్నారు, మేము వేరే రంగులో ఆడవలసి వచ్చింది, మా నాన్న ఇప్పటికీ అదే చెబుతారు" అన్నాడు. అంతలోనే సర్దుకుని, "పర్వాలేదు చేట్టా, మాకు గోల్‌కీపర్ లేడు" అన్నాడు.

చీట్లు తీస్తే మొదటి మ్యాచ్‌లో మాకు ఢిల్లీ తగిలింది. ఢిల్లీ తరఫున మా బావమరిది ఆడాడు. మాంచెస్టర్‌కు ఐదుగురు కుదరలేదట, అక్కడ ఒకరు తక్కువైతే ఇక్కడ సర్దుకున్నాడట, ఒక్క ఆదివారానికి ఏమవుతుందట. కోచ్‌లు మారినా యజమానులు మారినా కదలని మనిషి అతడే. ఎన్ని గోల్స్ పడ్డాయో చెప్పను. మూడోది నా కాళ్ల మధ్య నుంచి వెళ్లిందనీ, మైకు పట్టుకున్నవాడు "కేరళ చేట్టన్ వదిలేశాడు" అని రెండుసార్లు అన్నాడనీ, దాని వీడియో మా అత్తగారి ఫోనుకు నా కంటే ముందు చేరిందనీ మాత్రం చెబుతాను.

ఆట అయ్యాక బల్ల దగ్గరికి వెళ్లి, కనీసం సర్టిఫికెట్‌లోనైనా క్లబ్బు పేరు తీసేయమని అడిగాను. కుర్రవాడు ట్యాబ్ చూసి, క్లబ్బు మార్చుకునే వీలుంది గానీ మళ్లీ రెండు వందలు కట్టాలన్నాడు. కట్టాను. వరస తెరిచి, "ఏది పెట్టాలె అంకుల్?" అన్నాడు.