సవరణ: సీటీ నార్మల్ అంటే మెదడు లోపల దెబ్బ లేదని కాదు

పక్షవాతం గురించి మొన్న రాసినదాంట్లో ఒక వాక్యం తప్పు. "సీటీ స్కాన్‌లో ఏమీ కనబడకపోతే థాలమస్, బేసల్ గాంగ్లియా లాంటి లోతట్టు భాగాలకు దెబ్బ తగల్లేదనే అర్థం" అన్నాను. అది నిజం కాదు. రక్తస్రావాన్ని పట్టినంత తేలిగ్గా సీటీ అన్నిటినీ పట్టేస్తుందనుకున్నాను, అదే నా పొరపాటు.

రక్తం కారితే సీటీలో వెంటనే తెల్లగా కనిపిస్తుంది. రక్తనాళం మూసుకుపోతే మాత్రం మొదటి కొన్ని గంటలు స్కాన్ మామూలుగానే ఉండొచ్చు. పైగా లోతట్టు భాగాలకు రక్తం అందించేవి బాగా సన్నటి నాళాలు. వాటిలో ఒకటి పూడుకుంటే పడే మచ్చ సాధారణంగా 15 మిల్లీమీటర్లకు మించదు, అందుకే సీటీకి చిక్కకపోవచ్చు. మెదడు కాండం (మెదడును వెన్నుపాముతో కలిపే భాగం) దగ్గరైతే చుట్టూ ఉన్న ఎముక వల్ల స్కాన్‌లో చారలు పడి ఇంకా కష్టం.

డిఫ్యూజన్ ఎంఆర్ఐ కథ వేరు. రక్తం అందని కణాలు ఉబ్బినప్పుడు నీటి కదలిక మందగిస్తుంది. ఈ స్కాన్ పట్టేది ఆ మార్పునే, అందుకే చాలాసార్లు తొలి గంటల్లోనే చూపిస్తుంది. (అదీ నూటికి నూరుపాళ్లు కాదు. మెదడు కాండంలోని చిన్న మచ్చలు మొదటి రోజు తప్పించుకోవచ్చు.)

ఇదంతా న్యూరాలజీ పాఠ్యపుస్తకాల్లో, స్ట్రోక్ చికిత్స మార్గదర్శకాల్లో ఉన్నదే. రాసేముందు చూసుకోలేదు.

అలాగని సీటీ దండగ అనుకోకండి. గడ్డ కరిగించే మందు ఇచ్చేముందు రక్తస్రావం లేదని తేల్చాలి, ఆ పని అది నిమిషాల్లో చేస్తుంది. పాత పోస్టులో ఆ వాక్యం తీసేశాను.