డాలరుతో గుణించిన చౌకదనం

“ప్రపంచంలోకెల్లా చౌకగా బతకగలిగే దేశం మనది, ధరలు పెరిగాయని వాపోవడం మానండి” అనే సందేశం ఈ నెలలో నాకు నాలుగోసారి వచ్చింది. పంపినవారందరూ చదువుకున్నవారు, నాకు ఆప్తులు. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను. అమెరికాలో డజను గుడ్లు 540 రూపాయలట, క్షవరానికి రెండు వేలట, బర్గరూ మొబైల్ డేటా కూడా అక్కడ ఎన్నో రెట్లు ప్రియమట, పెట్రోలుతో సహా అన్నీ ఇక్కడే చౌకట. ప్రపంచ సగటు ధరల మట్టం 100 అయితే మనది 47.55 మాత్రమే కనుక ఫిర్యాదుకు తావే లేదట.

మొబైల్ డేటా ఇక్కడ చౌకే, వాదన లేదు. బర్గరు విషయానికొస్తే, అక్కడ గొడ్డుమాంసంతో, ఇక్కడ కోడిమాంసంతో చేసిన రెండు వేర్వేరు వస్తువులను పోల్చారు.

పెట్రోలు మాట పూర్తిగా అబద్ధం. 2024లో హైదరాబాదులో లీటరు 107 రూపాయలు దాటింది. అదే ఏడాది అమెరికాలో గ్యాలను సగటున సుమారు 3.30 డాలర్లు, గ్యాలనుకు 3.785 లీటర్లు కాబట్టి లీటరు 73 రూపాయల చుట్టూ తేలుతుంది. అన్నిటినీ డాలరుతో గుణించినవారు దీన్ని మాత్రం లెక్కవేయలేదు.

క్షవరం ఇక్కడ చౌకగా ఉన్నది క్షురకుడి రాబడి తక్కువ కాబట్టి. అతని కూలిని మన సౌభాగ్యంగా లెక్కగట్టడం నాకు బాధ కలిగిస్తోంది.

ఇక గుడ్లు. ఆ 540 రూపాయలు 2025 మార్చి నాటి ధర, అంటే 6.23 డాలర్లు. బర్డ్ ఫ్లూ వల్ల కోళ్లు కోట్లలో పోయిన కాలం అది. జూన్ నాటికి అదే డజను 3.78 డాలర్లకు దిగింది. సరే, ఆ గరిష్ఠ ధరనే తీసుకుందాం. గంటకు 7.25 డాలర్ల అమెరికా కేంద్ర ప్రభుత్వ కనీస వేతనం పొందే కార్మికుడు 52 నిమిషాలు పనిచేస్తే డజను గుడ్లు వస్తాయి. 2025–26లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఎనిమిది గంటల పనిదినంగా, గుడ్డు ఆరు రూపాయలుగా లెక్కవేసినా, మన కూలీకి అదే డజను కోసం దాదాపు గంటా యాభై నిమిషాల శ్రమ పడుతుంది. ఎవరికి చౌక?

అన్నిటికన్నా హాని చేసేది చివరి మాట. 47.55 అనే అంకె నిజమే. ప్రపంచ బ్యాంకు ఆధ్వర్యంలోని అంతర్జాతీయ ధరల పోలిక 2017 సంవత్సరానికి తేల్చింది. కానీ అది కుటుంబాల వంటింటి ఖర్చుతో పాటు నిర్మాణాలు, యంత్రాలు, ప్రభుత్వ సేవలు అన్నీ కలిపిన జీడీపీ మొత్తానికి వర్తించే సగటు. పైగా అది ఒక ఏడాది ధరల మట్టాన్ని చెబుతుందే తప్ప పెరుగుదలను చెప్పదు. 2023–24 గృహ వినియోగ సర్వే ప్రకారం గ్రామాల్లో తలసరి నెలసరి ఖర్చు 4,122 రూపాయలు, అందులో 47 శాతం తిండికే. అలాంటి ఇంటికి 2023 జులైలో కిలో టమాటా 150 రూపాయలు దాటినప్పుడు, దేశంలో ఆహార ద్రవ్యోల్బణం 11.51 శాతానికి చేరినప్పుడు, న్యూయార్క్ ధర చెప్పి ఏం ఓదార్పు ఇస్తారు? ఆ ఇల్లాలు పోల్చుకుంటున్నది నిరుడు అదే డబ్బుతో తెచ్చుకున్న సంచితో.

ఒక్క విషయంలో మాత్రం ఈ సందేశం నా తప్పును దిద్దింది. మన జీతాలను మారకం రేటుతో డాలర్లలోకి మార్చి, ఇంత దరిద్రమా అని నేనూ ఏళ్ల తరబడి వాదించాను. అదే పోలిక ప్రకారం 2017లో డాలరు మారకం 65.12 రూపాయలు, అమెరికాలో ఒక డాలరుకు వచ్చే సరుకులకు ఇక్కడ సగటున పట్టింది 20.65 రూపాయలే. అంటే నా లెక్కలో మన పేదరికం ఉన్నదానికన్నా చాలా పెద్దదిగా కనిపించింది. ఆ వాదన ఇక చేయను.