మావయ్య ఆయిల్ మార్చిన ఆదివారం

కారు సర్వీసింగ్ బిల్లు చూసి నిట్టూర్చి ఊరుకునే రకం కాదు మా మావయ్య. బ్యాంకులో ఆడిట్ చేసి చేసి రిటైరైన మనిషి. ఎర్ర పెన్ను తీసి ఒక్కో వరసకీ టిక్కు కొట్టుకుంటూ వచ్చాడు. ఆయిలు సరే, ఫిల్టరు సరే, డ్రెయిన్ బోల్టు వాషరు సరే. లేబర్ దగ్గర పెన్ను ఆగింది.

"ఒక బోల్టు విప్పి, ఒక డబ్బా తిప్పి, నూనె పోసినందుకు ఇంతా? ఈసారి నేనే మారుస్తా."

అత్తయ్య ఏదో అనబోయి, ఎందుకొచ్చిందిలే అనుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కారు మరో పదివేల కిలోమీటర్లు తిరిగేసరికి సరంజామా అంతా దిగింది. 5డబ్ల్యూ-30 రకం ఇంజిన్ ఆయిల్ మూడున్నర లీటర్ల క్యాను, కొత్త ఫిల్టరు, స్పానర్ల సెట్టు, ముందు చక్రాలు ఎక్కించడానికి రెండు ర్యాంపులు. వీటన్నిటి ఖరీదు ఆ లేబర్ ఛార్జీకి ఎన్ని రెట్లని అడిగితే, అది పెట్టుబడి కింద వస్తుందిట, ఖర్చు కింద రాదుట.

నన్ను పిలిపించింది టార్చి పట్టుకోవడానికి. మన ఇళ్ళల్లో రిపేరు జరుగుతున్నప్పుడు టార్చి పట్టుకున్నవాడికి మాట్లాడే హక్కుండదు. "ఇటు కాదురా, అటు" అనిపించుకోవడమే వాడి ఉద్యోగం.

కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఆదివారం పొద్దున బానెట్ ఎత్తడమంటే దండోరా వేయించినట్టే. పాల ప్యాకెట్టు కోసం దిగినవాళ్ళు దిగినట్టే నిలబడిపోయారు.

"ఇంజిన్ కాగుతుండగానే దింపాలండీ" అన్నారు మూడో అంతస్తు రావుగారు.

"బాగా చల్లారాక దింపాలి" అన్నారు రెండో అంతస్తాయన.

మావయ్య ఇద్దర్నీ పట్టించుకోకుండా కాసేపు ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఆపాడు. గోరువెచ్చగా ఉంటే ఆయిల్ తేలిగ్గా జారుతుంది, చెయ్యీ కాలదు. ఓనర్స్ మాన్యువల్లో ఆ పేజీలన్నీ ఎర్ర పెన్నుతో గీతలు పడి ఉన్నాయి మరి.

"5డబ్ల్యూ-30యా? మన ఎండలకి మరీ నీళ్ళల్లే ఉంటుందండీ. చిక్కగా 20డబ్ల్యూ-40 పొయ్యండి" అన్నారు మళ్ళీ రావుగారు. ఆయన నడిపేది స్కూటరు.

"ఇప్పటి ఇంజిన్లలో సందులు సన్నమండీ. పొద్దున్నే స్టార్ట్ చెయ్యగానే పల్చటిదైతేనే చప్పున పైదాకా ఎక్కుతుంది" అంటూ మావయ్య కారు కిందకి దూరాడు. నేనూ దూరాను, టార్చితో సహా.

బోల్టు చక్కగా వదిలింది. వదిలి, ఆయిల్‌తో పాటే కిందనున్న బేసిన్లోకి జారిపోయింది. ఆ బేసిన్ అత్తయ్య ఏటా ఆవకాయ కలిపే స్టీలు బేసిన్ అని తెలిసింది నాకూ మావయ్యకీ మాత్రమే. నల్లటి ఆయిల్లో మోచేతిదాకా ముంచి దేవితే బోల్టు దొరికింది.

"ఆ పాత ఆయిల్ పారబొయ్యకండి. మా ఊరి ఇంటి వాసాలకి చెదలు పట్టకుండా పూయిస్తా" అని బయటినుంచి రావుగారి గొంతు వినిపించింది.

ఫిల్టర్ మాత్రం మొండికేసింది. చేత్తో తిప్పితే జారింది. గరుకు కాగితం చుట్టినా జారింది. మావయ్య నడుముకున్న బెల్టు తీసి దానికి బిగించి లాగితే, జారింది బెల్టు కాదు, ప్యాంటు. చివరికి పెద్ద స్క్రూడ్రైవర్‌ని సుత్తితో కొట్టి ఫిల్టర్‌కి ఈ పక్కనుంచి ఆ పక్కకి దింపాడు. ఆ పొడుచుకున్న చోటినుంచి ఆయిల్ స్క్రూడ్రైవర్ పిడి మీదకి, పిడినుంచి మణికట్టుకి, మోచేతి మీదుగా తిన్నగా చంకలోకి నడిచింది. మావయ్య పళ్ళు బిగబట్టి తిప్పాడు. కిర్రుమంటూ ఊడొచ్చింది.

దాని మూతి మీద టార్చి వేశాను. చుట్టూ ఒక గాడి ఉంది. అందులో నల్ల రబ్బరు రింగుండాలి. లేదు.

"మావయ్యా, దీని రింగు..."

"టార్చి పైకెత్తరా!"

ఎత్తాను.

మిగతాదంతా శాస్త్రోక్తంగానే జరిగింది. కొత్త ఫిల్టర్ రింగుకి వేలితో కాస్త కొత్త ఆయిల్ రాశాడు. చేత్తోనే బిగించి, రింగు ఇంజిన్‌కి ఆనాక ఇంకో ముప్పావు చుట్టు తిప్పాడు. బోల్టు బిగించాడు, వాషర్ కూడా కొత్తదే. తేనె రంగు ఆయిల్ ఒక్క చుక్క ఒలక్కుండా పోశాడు. డిప్‌స్టిక్ తుడిచి, ముంచి, తీసి చూపిస్తే, మట్టం రెండు గీతల మధ్య బుద్ధిగా నిలిచింది. రెండో అంతస్తాయన చప్పట్లు కూడా కొట్టారు.

మావయ్య సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర నూనెడబ్బా బొమ్మ వెలిగి, ఆరిపోయింది. విజయగర్వంతో అందరివైపూ చూశాడు.

అప్పుడు పడింది కిందకి. చుక్క కాదు, ధార. పాత రింగు ఇంజిన్‌కే అంటుకుని పైనే ఉండిపోయింది, కొత్త ఫిల్టర్ తన రింగుతో దాని మీదే కూర్చుంది. రబ్బరు మీద రబ్బరు, పంపు ప్రెషర్‌కి ఎంతసేపాగుతుంది? ఎర్ర బొమ్మ మళ్ళీ వెలిగింది. "ఆపు మావయ్యా!" అని నేనరిచేలోపే కొత్త ఆయిల్ సగానికి పైగా టైల్స్ మీద పరుచుకుని, రావుగారి స్కూటర్ స్టాండు దాకా వెళ్ళింది. సలహాదారులంతా ఒక్కసారిగా లిఫ్టులో పట్టారు. నలుగురికని రాసున్న లిఫ్టది.

వాచ్‌మన్ పక్కన కడుతున్న బిల్డింగునుంచి ఇసుక తెచ్చి చల్లుతుంటే, నేను వీధి చివర మెకానిక్‌ని తీసుకొచ్చాను. అతను పడుకుని ఫిల్టర్ విప్పి, గోటితో ఏదో గీకి, నల్లటి రింగొకటి మావయ్య చేతిలో పెట్టాడు.

"గిదేంది సార్, పాత రింగు మీదనే కొత్తది ఎక్కించిండ్రు?"

మావయ్య నావైపు చూశాడు. నేను టార్చి వైపు చూశాను.

ఇంకో క్యాను తెప్పించి పోశాక మావయ్య గొంతు సవరించుకున్నాడు. "లేబర్ ఎంతయ్యా?"

"మీ ఇష్టం సార్."

ఆడిట్ చేసిన మనిషిని అంతకంటే ఇరకాటంలో పెట్టే అంకె లేదు. ఆయన లెక్క తేల్చుకునేలోగా అత్తయ్య దిగొచ్చి, అయిదొందల నోటు అతని చేతిలో పెట్టి, ఫోన్ నంబరు రాయించుకుంది.

"పదివేలు తిరగ్గానే నేనే ఫోన్ చేస్తా బాబూ. ఆయన చేస్తే మాత్రం రాకు."

అంటూనే కారు కింద మెరుస్తున్న బేసిన్‌ని చూసింది. చాలాసేపు చూసింది.

"ఈ పాత ఆయిల్ షాపుల డ్రమ్ముల పోస్తనమ్మా. కొనెటోళ్ళు వస్తరు" అన్నాడు మెకానిక్.

"బేసిన్‌తో సహా పట్టుకెళ్ళు" అంది అత్తయ్య.